సంతకం జనరల్‌ది, మరి ఆ కాయితం రాసిందెవరు

బంగ్లాదేశ్ యుద్ధం ముగిసిన రోజు, 1971 డిసెంబర్ 16న, ఢాకా రేస్‌కోర్స్ మైదానంలో తీసిన ఫొటో ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. ఒక టేబుల్, రెండు కుర్చీలు, ఒకదాంట్లో మన లెఫ్టినెంట్ జనరల్ జగ్జీత్ సింగ్ అరోరా, పక్కదాంట్లో పాకిస్తాన్ లెఫ్టినెంట్ జనరల్ నియాజీ తల వంచుకుని సంతకం పెడుతుంటాడు. వెనకాల ఒక వరస నిలబడి ఉంటుంది. విశాఖపట్నం నుంచి తూర్పు నౌకాదళాన్ని నడిపిన వైస్ అడ్మిరల్ కృష్ణన్ అందులో ఉంటారు, మేఘనా నది మీదుగా హెలికాప్టర్లలో సైన్యాన్ని దాటించిన సగత్ సింగ్ ఉంటారు, ఆ వరస చివర మేజర్ జనరల్ జాకబ్ ఉంటారు. చాలామంది చూపు ఆయన దాకా పోదు, పోయినా ఎవరో ఇంకో జనరల్‌లే అనుకుని వదిలేస్తారు.

ఆ రోజు కలకత్తా నుంచి లొంగుబాటు పత్రం డ్రాఫ్టు పట్టుకుని హెలికాప్టర్‌లో ఢాకా వెళ్లింది ఆయనే, అరోరా చీఫ్ ఆఫ్ స్టాఫ్ హోదాలో, అంటే కమాండర్ కింద ప్లానింగ్ చూసే ఆఫీసర్లందరికీ పెద్దగా. అక్కడ ఆయన్ని రిసీవ్ చేసుకోవడానికి వచ్చింది కూడా నియాజీ చీఫ్ ఆఫ్ స్టాఫే, బ్రిగేడియర్ బాకర్ సిద్దిఖీ. నియాజీ మనసులో ఉన్నది కాల్పుల విరమణ, జాకబ్ చేతిలో ఉన్న కాయితం మాత్రం లొంగుబాటు అంటోంది. జాకబ్ తర్వాత చెప్పుకున్నదాని ప్రకారం 30 నిమిషాలు టైమిచ్చి బయటికొచ్చి పచార్లు చేశారు, లోపల ఎంత టెన్షన్‌గా ఉన్నా మొహంలో కనపడనివ్వలేదు, తిరిగి వెళ్లి ఒప్పుకుంటున్నారా అని మూడుసార్లు అడిగారు, జవాబు లేదు, సరే ఒప్పుకున్నట్టే తీసుకుంటున్నాను అని కాయితం చేతిలోకి తీసుకున్నారు. సాయంత్రం సంతకం పెట్టింది అరోరా, ఎందుకంటే ఆయన కమాండర్, జాకబ్ ఆయన చీఫ్ ఆఫ్ స్టాఫ్. ఇంత పనీ చేసిన మనిషికి ఆ టేబుల్ దగ్గర కుర్చీ లేకపోవడం అన్యాయంలా అనిపిస్తుంది కదా, నాకూ మొదట్లో అలాగే అనిపించింది, కానీ స్టాఫ్ అంటే ఏంటో కాస్త లోతుగా చదివాక అది అన్యాయం కాదనీ, ఆ వ్యవస్థ నిలబడేదే దాని మీదనీ అర్థమైంది.

స్టాఫ్ అనగానే మనకి ఆఫీసు సిబ్బంది గుర్తొస్తారు, టైపింగ్ చేసేవాళ్లు, ఫైళ్లు మోసేవాళ్లు, అక్కడే తికమక మొదలవుతుంది. ఇంకొంతమంది జనరల్ పక్కన బంగారు తాళ్లు భుజానికేసుకుని నడిచే కుర్ర ఆఫీసర్ని చూసి అతనే స్టాఫ్ ఆఫీసర్ అనుకుంటారు, అతను ఏడీసీ, జనరల్‌గారి రోజువారీ ప్రోగ్రాం చూసుకునే సహాయకుడు. స్టాఫ్ ఆఫీసర్ పని వేరు. కమాండర్ ఒక నిర్ణయం తీసుకోవడానికి కావలసిన సమాచారం అంతా పోగుచేసి, లెక్కలు కట్టి, ఉన్న దారులు ఇవీ అని ముందు పెట్టి, ఆయన ఒక దారి ఎంచుకున్నాక దాన్ని కింద వేలమంది చేయగలిగే పనిగా మార్చి, ఆ పని జరుగుతోందా లేదా అని కనిపెట్టుకుని ఉండేవాడు. ఇందులో కీలకం ఏంటంటే అతనికి సొంత అధికారం లేదు. అతను పంపే ప్రతి ఆర్డరూ కమాండర్ పేరు మీదే పోతుంది. బ్రిగేడ్‌లో బ్రిగేడ్ మేజర్ ర్యాంకుకి మేజరే, కింద బెటాలియన్లు నడిపే కల్నళ్లు అతనికన్నా సీనియర్లు, అయినా అతను ఫోన్ చేసి ఇలా చేయాలి సర్ అంటే చేస్తారు, ఎందుకంటే ఆ గొంతు వెనక బ్రిగేడియర్ ఉన్నాడని అందరికీ తెలుసు. ఆ గొంతుని అరువు తెచ్చుకుని సొంత ఇష్టాలకి వాడుకున్న రోజు అతని మాటకి విలువ పోతుంది.

అసలు ఇంతమంది ఎందుకు, తెలివైన జనరల్ ఒక్కడు చాలడా అంటారా, చిన్న లెక్క చూద్దాం. ఒక బ్రిగేడ్ 600 బండ్లతో రాత్రి ఒకే రోడ్డు మీద కదలాలి అనుకోండి. బండికీ బండికీ మధ్య 50 మీటర్లు ఉంచితే ఆ కాన్వాయ్ పొడవు 30 కిలోమీటర్లు. గంటకి 25 కిలోమీటర్ల స్పీడులో పోతే మొదటి బండి దాటినచోట చివరి బండి దాటడానికి గంటా 12 నిమిషాలు పడుతుంది, అదీ ఒక్క బండి కూడా ఆగకపోతే. మధ్యలో ఒక్కో బండినే భరించే పాత వంతెన ఉంటే ఇంకెంత? అటువైపు నుంచి అంబులెన్సులు వెనక్కి రావాలంటే వాటికి దారెప్పుడు? డీజిల్ ఎక్కడ పోయాలి, డ్రైవర్లు ఎప్పుడు తినాలి, తెల్లారేలోపు చెట్ల కిందకి చేరకపోతే పైనుంచి విమానం చూస్తే ఏంటి గతి? ఇవన్నీ ఎవరో ఒకరు ముందే కూర్చుని కాయితం మీద పెట్టకపోతే యుద్ధం శత్రువు ఎదురుపడకముందే రోడ్డు మీద ట్రాఫిక్ జామ్‌లో ఓడిపోతాం. కమాండరే ఈ లెక్కలు వేసుకుంటూ కూర్చుంటే శత్రువు ఏం ఆలోచిస్తున్నాడో ఆలోచించేది ఎవరు?

టైమ్ విషయంలో ఒక మంచి అలవాటు ఉంది, మూడోవంతు రూలు అంటారు. పైనుంచి ఆర్డర్ వచ్చినప్పటినుంచి దాడి మొదలయ్యేదాకా 24 గంటలు ఉంటే బ్రిగేడ్ హెడ్‌క్వార్టర్ తన ప్లానింగ్‌కి 8 గంటలే వాడుకోవాలి, మిగతా 16 కిందకి వదిలేయాలి. బెటాలియన్ అందులో 5 వాడుకుని 11 వదలాలి, కంపెనీ అందులో మూడున్నర తీసుకుంటే, కొండెక్కి ఆ బంకర్ ముందు నిలబడాల్సిన ప్లాటూన్‌కి ఏడున్నర గంటలు దక్కుతాయి, ఆ టైమ్‌లోనే ఆ కుర్రాళ్లు దారి చూసుకోవాలి, తుపాకులు సరిచూసుకోవాలి, రెండు ముద్దలు తిని కాస్త నడుం వాల్చాలి. పైన ఉన్న స్టాఫ్ ఆఫీసర్ ప్లాన్ ఇంకాస్త అందంగా రావాలని 4 గంటలు ఎక్కువ తింటే ఆ 4 గంటలూ చివరికి కోతపడేది సిపాయి నిద్రలో. మంచి స్టాఫ్‌కీ చెడ్డ స్టాఫ్‌కీ తేడా ఏంటంటే నేను ముందు చెప్పేది ఇదే.

మన ఆర్మీకి ఈ పద్ధతి బ్రిటిష్ వాళ్లనుంచి వచ్చింది. స్టాఫ్ పనిని మూడు భాగాలు చేసి అక్షరాలతో పిలుస్తారు, జీ అంటే ఆపరేషన్లు, ఇంటెలిజెన్స్, ట్రైనింగ్, ఏ అంటే మనుషులకి సంబంధించినవి, క్యూ అంటే తిండి, మందుగుండు, బండ్లు, బస. బ్రిగేడ్‌లో జీ పని చూసేవాణ్ని బీఎం అంటారు, మిగతా రెండూ చూసేవాణ్ని డీక్యూ అంటారు. అమెరికా, నాటో వాళ్లు దీన్నే నంబర్లలో పిలుస్తారు, జీ1 మనుషులు, జీ2 ఇంటెలిజెన్స్, జీ3 ఆపరేషన్లు, జీ4 సరఫరా అలా. పేర్లు ఏవైనా గొడవ ఒకటే, జీ వాళ్లు మ్యాప్ మీద దాడి బాణం గీస్తారు, ఆ బాణం చివరిదాకా డీజిల్ చేరదని క్యూ వాళ్లు చెప్పాలి. 1971లో తూర్పు వైపు దాడికి ముందు నెలల తరబడి జరిగింది ఎక్కువగా క్యూ పనే, త్రిపుర లాంటి రోడ్డూ రైలూ అంతంతమాత్రంగా ఉన్న చోటికి ఒక కోర్‌కి, అంటే కొన్ని డివిజన్ల సైన్యానికి, సరిపడా సామాను చేర్చడం అంటే మాటలు కాదు. వర్షాకాలం పోయేదాకా ఆగాలన్న నిర్ణయం గురించి కథలు కథలుగా చెప్పుకుంటాం, ఆ ఆగిన నెలల్లో ఏం జరిగిందో మాత్రం ఎవరూ చెప్పుకోరు.

స్టాఫ్ పనిలో అందరికన్నా కష్టమైనది రాయడం అంటే నమ్మరు కానీ నిజం. 1854 అక్టోబర్ 25, క్రిమియాలో బాలాక్లావా. బ్రిటిష్ కమాండర్ లార్డ్ రాగ్లన్ కొండ మీద ఉన్నాడు, అక్కడినుంచి చూస్తే రష్యన్లు పక్క గుట్ట మీద తాము పట్టుకున్న ఫిరంగుల్ని లాక్కుపోతున్నట్టు కనపడింది. గుర్రపుదళం త్వరగా ముందుకెళ్లి ఫిరంగుల్ని శత్రువు తీసుకుపోకుండా ఆపాలి అని చెప్పాడు, ఆయన క్వార్టర్ మాస్టర్ జనరల్ ఎయిరీ పెన్సిల్‌తో రాశాడు, కెప్టెన్ నోలన్ గుర్రమెక్కి కిందకి తీసుకెళ్లాడు. లోయలో ఉన్న గుర్రపుదళం అధిపతి లార్డ్ లూకన్‌కి ఆ గుట్ట మీద ఏముందో కనపడదు. ఏ ఫిరంగులు అని అడిగాడు. నోలన్ చెయ్యి ఊపి అదిగో మీ శత్రువు, అవిగో మీ ఫిరంగులు అన్నాడు, ఆ చెయ్యి చూపించింది లోయ చివరకి అని లూకన్ అనుకున్నాడు. అక్కడున్నది వేరే ఫిరంగులు, మూడు వైపుల నుంచీ కాల్పులు. సుమారు 670 మంది గుర్రాల మీద వెళ్లారు, 110 మంది దాకా చనిపోయారు, నోలన్ మొదట్లోనే పోయాడు కాబట్టి అతను నిజానికి ఏం చూపించాలనుకున్నాడో ఇక ఎవరికీ తెలిసే దారి లేదు.

ఆ కాయితంలో తప్పు ఎక్కడుంది? రాసినవాడు తన కళ్లతో చూసి రాశాడు, చదివేవాడి కళ్లతో చూడలేదు. ఏ గుట్ట, ఏ వైపు, అన్న రెండు మాటలు లేవు. అందుకే ఈరోజు స్టాఫ్ కాలేజీల్లో ఆర్డర్ రాయడం ఒక విద్యలా నేర్పుతారు. శత్రువు, మనవాళ్లు ఎక్కడున్నారు, చేయాల్సిన పని ఏంటి, ఎలా చేయాలి, సరఫరా సంగతేంటి, కమాండర్ ఎక్కడుంటాడు వైర్‌లెస్ సంగతేంటి, ఈ అయిదూ ఇదే వరసలో రావాలి, ఎప్పుడూ మారకూడదు, ఎందుకంటే వానలో టార్చి వెలుగులో అలసిపోయి చదివేవాడికి ఏది ఎక్కడ ఉంటుందో వెతుక్కునే పని ఉండకూడదు. నోటితో ఆర్డర్ ఇచ్చేటప్పుడు చేయాల్సిన పని అన్న వాక్యాన్ని రెండుసార్లు చదువుతారు. రాత్రి 12 గంటలు అని రాయరు, అది ఏ తారీకు రాత్రి అన్న అనుమానం వస్తుందని ఒక నిమిషం ఇటో అటో జరిపి 23:59 అనో 00:01 అనో రాస్తారు. బయటివాళ్లకి ఇది చాదస్తంలా ఉంటుంది, బాలాక్లావా తెలిసినవాళ్లకి అలా అనిపించదు.

ఇక ఈ పనికి ఒక రూపం ఇచ్చినవాళ్ల సంగతి. నెపోలియన్ దగ్గర బెర్తియే అని చీఫ్ ఆఫ్ స్టాఫ్ ఉండేవాడు. ముఖ్యమైన ఆర్డర్‌ని ఒకరితో కాదు, వేరే వేరే దారుల్లో ఇద్దరు ముగ్గురితో పంపేవాడు, ఒకడు పట్టుబడినా ఇంకొకడు చేరతాడని. అలాంటివాణ్ని 1809లో ఆస్ట్రియా మీద యుద్ధం మొదట్లో కొన్నాళ్లు సైన్యం మీద కమాండ్‌లో పెడితే అంతా గందరగోళం చేశాడు, నెపోలియన్ పరిగెత్తుకొచ్చి సర్దుకోవాల్సి వచ్చింది. అంటే ఈ రెండూ వేరు వేరు ప్రతిభలు, ఒకటి ఉంటే రెండోది ఉండాలనేం లేదు. కానీ 1815లో బెర్తియే లేడు, జూన్ 1న బాంబెర్గ్‌లో కిటికీలోంచి పడి చనిపోయాడు, ఆయన కుర్చీలో సూల్ట్ అనే మార్షల్ కూర్చున్నాడు, గొప్ప యోధుడే కానీ ఈ పనికి కొత్త. జూన్ 16న 20 వేలమంది ఉన్న ఒక పూర్తి కోర్ ఒకదానికొకటి పొంతనలేని ఆర్డర్లతో రెండు యుద్ధరంగాల మధ్య రోజంతా అటూ ఇటూ నడిచి, రెండిట్లో దేంట్లోనూ ఉపయోగపడలేదు. నెపోలియన్ చివరిసారి ఓడిన వాటర్లూ యుద్ధానికి అది రెండు రోజుల ముందు మాట.

అదే రోజు అవతలిపక్క ఏం జరిగిందో చూడండి, నాకు ఈ మొత్తం సబ్జెక్టులో ఇష్టమైన ఘట్టం ఇదే. ప్రష్యా అంటే తర్వాత జర్మనీకి కేంద్రమైన రాజ్యం, దాని కమాండర్ బ్లూకర్‌కి 72 ఏళ్లు, లిగ్నీ దగ్గర ఓడిపోతున్న సైన్యాన్ని నిలబెట్టడానికి తానే గుర్రపుదళంతో దూకాడు, గుర్రం దెబ్బతిని ఆయన మీద పడింది, చీకట్లో ఆయన బతికున్నాడో లేదో ఎవరికీ తెలియదు. చీఫ్ ఆఫ్ స్టాఫ్ గ్నైజెనావ్ నిర్ణయం తీసుకోవాలి. సొంత సరఫరా దారులు తూర్పున ఉన్నాయి, అటు పోతే సైన్యానికి క్షేమం, కానీ మిత్రసైన్యాన్ని నడుపుతున్న బ్రిటిష్ కమాండర్ వెల్లింగ్టన్‌తో బంధం తెగిపోతుంది. గ్నైజెనావ్‌కి వెల్లింగ్టన్ మీద నమ్మకం లేదు, అయినా తన కమాండర్ ఉంటే ఏం చేస్తాడో అదే చేశాడు, ఉత్తరాన వావ్ర్ వైపు వెనక్కి తగ్గమన్నాడు, మిత్రుడికి అందుబాటులో ఉండేలా. బ్లూకర్ దొరికాడు, కోలుకున్నాడు, 18న ప్రష్యన్ సైన్యం వాటర్లూకి చేరగలిగిందంటే ఆ రాత్రి ఆర్డర్ వల్లే. అంతకుముందు ఏడాది ఆక్స్‌ఫర్డ్‌లో బ్లూకర్‌కి గౌరవ డాక్టరేట్ ఇస్తే, నన్ను డాక్టర్ని చేస్తే గ్నైజెనావ్‌ని కనీసం మందులు కలిపేవాణ్నైనా చేయాలి, మాత్రలు తయారుచేసేది అతనే కదా అన్నాడట. ఇలాంటి మాట అనగలిగిన కమాండర్ దొరకడం కూడా స్టాఫ్ ఆఫీసర్ అదృష్టమే.

గ్నైజెనావ్ గాలిలోంచి ఊడిపడలేదు. 1806లో యేనా దగ్గర నెపోలియన్ చేతిలో ప్రష్యా చిత్తుగా ఓడాక షార్న్‌హోర్స్ట్ అనే ఆయన ఒక ప్రశ్న వేసుకున్నాడు, రాజవంశాల నుంచి వచ్చే కమాండర్లందరూ మేధావులు కావడం మన చేతిలో లేదు, మరి ప్రతి కమాండర్ పక్కనా బాగా చదువుకున్న ఒక ఆఫీసర్ ఉండేలా చేయడం మన చేతిలో ఉంది కదా అని. 1810లో బెర్లిన్‌లో దానికోసం స్కూలు పెట్టారు. తర్వాత జనరల్ స్టాఫ్‌ని నడిపిన మోల్ట్‌కే కాలానికి అది ఎంత బలంగా తయారైందంటే 1919లో వెర్సై ఒప్పందంలో జర్మన్ జనరల్ స్టాఫ్‌ని రద్దు చేయాలి, ఏ రూపంలోనూ మళ్లీ పెట్టకూడదు అని 160వ ఆర్టికల్‌లో ప్రత్యేకంగా రాసుకున్నారు. ట్యాంకుల్ని, భారీ ఫిరంగుల్ని నిషేధించినట్టే ఒక పని పద్ధతిని కూడా నిషేధించారంటే దాని శక్తి ఏంటో అర్థం చేసుకోవచ్చు.

మనదగ్గర ఈ చదువు వెల్లింగ్టన్ అనే ఊళ్లోని స్టాఫ్ కాలేజీలో, నీలగిరుల్లో కూనూరు పక్కన. 2021 డిసెంబర్ 8న జనరల్ బిపిన్ రావత్, ఆయనతో పాటు చిత్తూరు జిల్లా నుంచి వెళ్లిన లాన్స్ నాయక్ సాయితేజ ప్రాణాలు కోల్పోయిన హెలికాప్టర్ వెళ్తున్నది అక్కడికే, ఆ కాలేజీలో లెక్చర్ కోసం. ఆ కాలేజీ 1905లో దేవలాలిలో మొదలై, 1907లో క్వెట్టాకి వెళ్లింది, దేశం విడిపోయాక క్వెట్టా పాకిస్తాన్‌కి పోతే మనం వెల్లింగ్టన్‌లో మళ్లీ పెట్టుకున్నాం. అంటే ఢాకాలో ఎదురుపడ్డ జాకబ్, బాకర్ సిద్దిఖీ ఇద్దరి పద్ధతుల వేరూ ఒకటే. వెల్లింగ్టన్‌లో దాదాపు ఏడాది కోర్సు, ఆర్మీ నేవీ ఎయిర్‌ఫోర్స్ కలిపి, ఆర్మీలో పోటీ పరీక్ష రాసి నెగ్గాలి. ఇంకొంచెం పై ర్యాంకుల వాళ్లకి రక్షణ నిర్వహణ నేర్పే కాలేజీ మన సికింద్రాబాద్‌లోనే, సైనిక్‌పురిలో ఉంది, అది 1970లో మొదలైంది.

ఆ చదువులో గుండెకాయ అప్రీసియేషన్ అనే పద్ధతి. సాధించాల్సింది ఏంటో ముందు ఒక్క వాక్యంలో రాయాలి, తర్వాత నేల, వాతావరణం, శత్రువు బలం, మన బలం, టైమ్ ఒక్కొక్కటీ తీసుకుని, ప్రతి విషయం కిందా అయితే ఏంటి అన్న ప్రశ్నకి జవాబు రాయాలి. నది 200 మీటర్ల వెడల్పు ఉంది అని రాస్తే ఊరికే వివరం, కాబట్టి పడవలు కావాలి, పడవలు రావడానికి రెండు రోజులు, కాబట్టి మొదటి రోజు దాడి కుదరదు అని రాస్తేనే అది స్టాఫ్ పని. ఇది ఆర్మీకే కాదు, మన ఆఫీసుల్లో 40 స్లైడ్లు చేసి ఒక్కదాంట్లో కూడా అయితే ఏంటి అనేది లేకుండా చూపించేవాళ్లందరికీ పనికొస్తుందని నా గట్టి నమ్మకం.

సంస్కృతి విషయానికొస్తే అసలు చిక్కు ఇక్కడ ఉంది. స్టాఫ్ ఆఫీసర్ నుంచి రెండు కోరతారు. గది తలుపులు మూసి ఉన్నంతసేపూ సర్ ఇది తప్పు అని మొహం మీద చెప్పాలి, నిర్ణయం అయిపోయాక అది తన మాటకి వ్యతిరేకమైనా తన సొంత ప్లానే అన్నంత నిజాయితీగా అమలు చేయాలి, బయటికొచ్చి నేను ముందే చెప్పాను అనకూడదు. చెప్పడం తేలిక. అతని ఏసీఆర్, అంటే ఏటా పనితీరు మీద రాసే రహస్య రిపోర్టు, మొదట రాసేది మామూలుగా ఎవరికి ఎదురు చెప్పాలో ఆ బాసే, ప్రమోషన్ ఆ రిపోర్టు మీద ఆధారపడి ఉంటుంది. కాబట్టి యెస్ సర్ అనే ఆఫీసర్లు తయారవడానికి వాళ్ల పిరికితనం ఒక్కటే కారణం కాదు, ఏర్పాటే అటు తోస్తుంది. జర్మన్ పద్ధతిలో ఒక కాలంలో చీఫ్ ఆఫ్ స్టాఫ్ తన అసమ్మతిని రికార్డు చేయించే వీలుండేది, దానితో కమాండర్ కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించేవాడు. ఏ సైన్యంలోనైనా ఎదురు మాట వినగలిగిన కమాండర్ దగ్గరే మంచి స్టాఫ్ తయారవుతుంది, వినలేనివాడి దగ్గర ఎంత చదువుకున్నవాడైనా గుమాస్తా అయిపోతాడు.

రెండో ప్రమాదం దూరం. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ స్టాఫ్ ఆఫీసర్లు కాలర్ మీద ఎర్ర పట్టీలు పెట్టుకునేవాళ్లు, బురద కందకాల్లో ఉన్న సిపాయిలకి ఆ ఎరుపు చూస్తే ఒళ్లు మండేది, వీళ్లు మ్యాప్ మీద గీసిన గీతకి మేం చావాలా అని. ఆ కోపంలో న్యాయం ఉంది. దానికి మందు ఏంటంటే ఎవరినీ ఎప్పటికీ స్టాఫ్‌లోనే ఉంచకుండా కొన్నేళ్లు రెజిమెంట్‌లో, కొన్నేళ్లు స్టాఫ్‌లో తిప్పడం. మన ఆర్మీలోనూ అంతే, బీఎంగా చేసినవాడు వెళ్లి సొంత బెటాలియన్ నడుపుతాడు, తను రాసినలాంటి ఆర్డర్లు ఇప్పుడు తనకే వస్తాయి.

ఇంకో ప్రమాదం దీనికి తిరగేసినది, స్టాఫ్ ఆఫీసరే కమాండర్ అయిపోవడం. 1914 సెప్టెంబర్‌లో మార్న్ యుద్ధం నడుస్తుంటే జర్మన్ హెడ్‌క్వార్టర్ నుంచి లెఫ్టినెంట్ కల్నల్ హెంచ్‌ని కారులో ముందుకి పంపారు, పరిస్థితి చూసి రమ్మని, అవసరమైతే సైన్యాల మధ్య సర్దుబాటు చేయమని, అన్నీ నోటి మాటే, చేతిలో ఒక్క కాయితం లేదు. 9వ తారీకున ఆయన ఫస్ట్ ఆర్మీ చీఫ్ ఆఫ్ స్టాఫ్ కూల్‌తో మాట్లాడి వెనక్కి తగ్గాల్సిందే అన్నాడు, ఆర్మీ కమాండర్ క్లుక్ ఆ మాటల్లో లేనే లేడు. సైన్యం వెనక్కి తగ్గింది, పారిస్ దక్కలేదు. ఆ నిర్ణయం సరైందా కాదా అన్న వాదన ఇప్పటికీ ఉంది, 1917లో విచారణ జరిపి ఆయన తప్పు లేదన్నారు. నా ఉద్దేశంలో తప్పు పంపినవాళ్లది, అంత పెద్ద అధికారాన్ని నోటి మాటగా ఇచ్చి, దానికి జవాబుదారీ ఎవరో తేల్చకుండా వదిలేశారు.

మన 1948 హైదరాబాద్ సంగతే తీసుకోండి. సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా సోలాపూర్ వైపు నుంచి ఒక దండు, విజయవాడ వైపు నుంచి ఒక దండు, దాన్ని గొడార్డ్ ప్లాన్ అన్నారు, సదరన్ కమాండ్ అధిపతిగా ఉన్న గొడార్డ్ పేరు మీద, ఆపరేషన్ నాటికి ఆ కుర్చీలో రాజేంద్రసింహ్‌జీ ఉన్నారు. మనిషి మారినా ప్లాన్ నడిచింది. ఆ దారుల్లో ఏ వంతెన ఎంత బరువు మోస్తుందో, ఏ రోడ్డు బండ్లకి పనికొస్తుందో లెక్కలు కట్టిన మేజర్ల, కెప్టెన్ల పేర్లు మనలో ఎవరికీ తెలియవు, జర్మన్ స్టాఫ్‌లో ఒక మాట ఉండేది, జనరల్ స్టాఫ్ ఆఫీసర్లకి పేర్లుండవు అని.

జాకబ్ మాత్రం రిటైరయ్యాక తన పేరు చెప్పుకున్నారు. ఢాకానే లక్ష్యం చేయాలన్నది తన పట్టుదల అనీ, పైనుంచి వచ్చిన మొదటి ఆర్డర్లలో ఖుల్నా, చిట్టగాంగ్‌ల మీదే దృష్టి ఉందనీ రాశారు. దీన్ని ఒప్పుకోనివాళ్లు ఉన్నారు, క్రెడిట్ అంతా ఆయనే లాక్కున్నారని నొచ్చుకున్నవాళ్లూ ఉన్నారు, మేఘనా దాటాలన్న తెగింపు సగత్ సింగ్‌ది అనేవాళ్లూ ఉన్నారు, అది నిజమే కూడా. యూనిఫాంలో ఉన్నంతకాలం నోరు మెదపకపోవడం ధర్మం, కానీ జీవితాంతం అందరూ అలాగే ఉండిపోతే ఆ గదుల్లో ఏం జరిగిందో రేపటి కెప్టెన్లు ఎలా నేర్చుకుంటారు, అందుకే ఆయన రాయడం మంచిదే అంటాను, అందులో ప్రతి మాటా ఒప్పుకోకపోయినా సరే.

ఆ లొంగుబాటు పత్రం చిన్నదే, ఒక పేజీ. అందులో అరోరా పేరుంది, నియాజీ పేరుంది, జాకబ్ పేరు ఎక్కడా లేదు. సుమారు 93 వేలమంది బందీల ప్రాణాలకి, జెనీవా ఒప్పందం ప్రకారం వాళ్లని గౌరవంగా చూసుకుంటామన్న మాటకి ఆ కాయితం మీద పూచీ పడింది అరోరా. ఢాకా పడకపోయుంటే, ఆ 30 నిమిషాల తర్వాత నియాజీ కుదరదు అనుంటే, దేశం నిలదీసి అడగాల్సిన పేరు కూడా అదే.